పాచిక పడితేనే కదిలే ఏనుగు

గోదావరి డెల్టాలో పాచికకు మంచి పేరు లేదు. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన వెలిసే గుండాట బల్లలే అందుకు కారణం. చదరంగమేమో బుద్ధిమంతుల ఆట. ఈ రెండూ కలిసిన ఆట ఒకటి మన దేశంలో ఉండేది, దాన్ని మళ్లీ ఆడాలని నా వాదన. రాజమహేంద్రవరాన్ని రాజరాజనరేంద్రుడు ఏలుతున్న కాలంలోనే, 1030 ప్రాంతంలో, మధ్య ఆసియా పండితుడు అల్‌బెరూనీ దాని నియమాలు రాసిపెట్టాడు. గళ్లు 64, ఆటగాళ్లు నలుగురు. ఒక్కొక్కరికి రాజు, ఏనుగు, గుర్రం, రుఖ్, నాలుగు బంట్లు. రుఖ్ స్థానంలో బెంగాల్ పండితుడు రఘునందనుడి తిథితత్త్వం అనే గ్రంథం పడవను పెట్టింది. గౌతమి ఒడ్డున ఉన్న యానాం వాళ్లకు పడవే నప్పుతుంది. రెండు పాచికలు వేస్తారు, ఏ అంకెకు ఆ పావు. 1 గానీ 5 గానీ పడితే బంటో రాజో కదులుతుంది, 2కు పడవ, 3కు గుర్రం, 4కు గానీ 6కు గానీ ఏనుగు. రాజును పడగొడితే 5 పాయింట్లు. తన రాజును కాపాడుకుంటూ మిగతా ముగ్గురినీ పడగొడితే 54.

పాచికే ఎత్తును నిర్ణయిస్తే ఇక తెలివి దేనికని అడుగుతారు. లెక్క చూడండి. రెండు పాచికల్లో ఒక్కటైనా 3 పడే అవకాశం 36లో 11 మాత్రమే. ఏనుగుకు రెండు అంకెలున్నాయి కాబట్టి 36లో 20. అంటే ఎదుటివాడి గుర్రం దారిలో రాజును ఉంచడం ఒక రకం సాహసం, ఏనుగు దారిలో ఉంచడం దాదాపు రెట్టింపు సాహసం. మామూలు చదరంగంలో ఈ తూకానికి చోటే లేదు. ఇక్కడ మంచి ఆటగాడు ఒక్క పన్నాగం మీద ఆధారపడడు, ఏ అంకె పడినా పనికొచ్చేలా పావులన్నిటినీ సర్దిపెట్టుకుంటాడు. గుండాటలో బొమ్మ మీద డబ్బు పెట్టాక ఆడేవాడు చేసేదేమీ లేదు. ఇక్కడ పాచిక ఆగాకే అసలు ఆలోచన మొదలవుతుంది. రమ్మీ విషయంలో సుప్రీంకోర్టు 1967లో చూసిన తేడా కూడా ఇలాంటిదే: సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, పంపకంలో అదృష్టమున్నా ఏ ముక్క ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తేల్చేది నేర్పేనని చెప్పింది.

చదరంగం అందమంతా ఓటమికి సాకు లేకపోవడంలోనే ఉందనేది ఇంతకంటే బలమైన అభ్యంతరం. కోనేరు హంపి ఆడే పోటీలకు అది నూటికి నూరుపాళ్లు నిజం, అక్కడ పాచికకు చోటు ఉండకూడదు. కానీ ఇల్లు పోటీ మందిరం కాదు. తాతా మనవరాలూ ఎదురెదురుగా కూర్చుంటే ప్రతిసారీ తాతే గెలిచే ఆట ఎంతో కాలం సాగదు. పాచిక ఆ పిల్లకు ఒక్కోసారి తలుపు తెరుస్తుంది, ఆ తలుపులోంచి ఎలా వెళ్లాలో తనే ఆలోచించుకోవాలి. తిథితత్త్వంలో ఈ ఆటను వ్యాసుడు నేర్పింది ఎవరికో కాదు, పాచికల్లో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజుకే. అది నాకు చాలా నచ్చిన విషయం.

వచ్చే పండక్కి ఇంట్లో నలుగురూ కూర్చుని ఒక్క ఆట ఆడి చూడండి. డబ్బు మాత్రం పెట్టకండి.