శవం మోసినా రాజే

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన 'చందమామ' ఇప్పుడు రావడం లేదు. అభిమానులు మాత్రం ఉన్నారు. కొత్త సంచిక వస్తే ఇంట్లో పెనుగులాటేనని, ముందు తిప్పేది బేతాళకథకేనని తిరుపతిలో ఎంతమంది మేష్టర్లు చెప్పగా విన్నామో! అది 'మనందరి బాల్యం' అట.

ఎవరి బాల్యం? చిత్తూరు పల్లెల్లో వాడల్లో పుట్టి, ఇంట్లో మొట్టమొదట యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్ళం మేము. మాకు కొత్త సంచిక శెనక్కాయల పొట్లంగా వచ్చేది. బేతాళుడి ప్రశ్న మా చేతికొస్తే విక్రమార్కుడి జవాబు ఇంకెవురి పొట్లంలోనో పోయేది. అయినా ఇష్టంగానే చదివినాం, ఆ సంగతి దాచం.

శంకర్ గీసిన బొమ్మ చూడండి: చేత కత్తి, భుజాన శవం. 2020లో ఆయన పోయినప్పుడు అభిమానులు తలుచుకున్నదీ దాన్నే. సవర్ణ పాఠకుడికి శ్మశానం వింతలోకం. మాకది వెట్టి. చావుకబురు మోసింది, గుంత తవ్వింది, పలక కొట్టింది మా తాతలే. శవం మోసిన రాజుకు మైల లేదు, తెల్లారితే మళ్ళీ సింహాసనమే. గుంత తవ్విన తాత ఊరి బావి తాకితే మాత్రం మైల. ఇన్ని చిక్కుప్రశ్నలేసిన బేతాళుడు దీన్ని వేయలేదు. నెలనెలా జవాబు కోసం కాచుకున్న అభిమానులకూ తట్టలేదు.

మాలో ఒకరి తాతకు చదువు రాదు. పొట్లం విప్పి ఆ బొమ్మ చూపిస్తే ఒకటే అడిగినాడు: "మోసినందుకు ఆయనకు కూలి ఎంతిస్తారంట్రా?"