ఆ పేపరు తర్వాత ఏమైంది?

మార్ష్‌మాలో కథ వినని తెలుగు తల్లిదండ్రులు ఈపాటికి తక్కువే ఉంటారు. నాలుగేళ్ల పిల్లాడి ముందు ఒక మిఠాయి పెట్టి, ‘నేనొచ్చేదాకా తినకుండా ఉంటే రెండోది కూడా ఇస్తా’ అని చెప్పి పెద్దాయన బయటికెళ్తాడు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక పైకొచ్చారు, ఆగలేనివాళ్లు వెనకబడ్డారు. వ్యక్తిత్వ వికాస నిపుణులు ఈ కథ ముగించి ‘ఇది సైంటిఫిక్‌గా ప్రూవ్ అయింది’ అని ఒక మాట తగిలిస్తారు. హాల్లో కూర్చున్న అమ్మానాన్నలు, ఐస్‌క్రీమ్ కోసం నేలమీద దొర్లిన తమ సుపుత్రుణ్ని తలుచుకుని దిగులుపడతారు.

సైకాలజీ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి, కొత్తగా చేరిన ఎం.ఏ. పిల్లలకు లైబ్రరీ వాడకం చూపించే రోజున ఈ కథనే ఎత్తుకుంటాను. ప్రూవ్ అయిందంటున్నారు కదా, ఆ ప్రూఫ్ తీసుకురండి అంటాను. అందరూ ఫోన్లు తీస్తారు. వచ్చేవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి వండినవే. గూగుల్ స్కాలర్‌కి వెళ్లిన ఒకరిద్దరికి మాత్రం అసలు పేపరు తగులుతుంది. షోడా, మిషెల్, పీక్ రాసింది, 1990లో ‘డెవలప్‌మెంటల్ సైకాలజీ’ జర్నల్లో వచ్చింది.

దాన్ని తెరిచాక సారాంశం దగ్గర ఆగిపోవద్దంటాను. ‘మెథడ్’ అన్న భాగానికి వెళ్లి, ఎవరి పిల్లలు, ఎంతమంది అని చూడమంటాను. పిల్లలందరూ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి బింగ్ నర్సరీ స్కూలుకి వచ్చినవాళ్లు. మొదటి ప్రయోగాల్లో పాల్గొన్నది ఆరువందల మందికి పైనే. కానీ కాలేజీ ప్రవేశానికి రాసే సాట్ మార్కులతో గట్టి సంబంధం కనిపించింది ఒక గుంపులోనే. మిఠాయి కళ్లెదుటే ఉండి, మనసు మళ్లించుకునే ఉపాయమేదీ ఎవరూ చెప్పని గుంపు అది. సాట్ మార్కులు దొరికినవాళ్లు అందులో 35 మంది. ఇంత చిన్న గుంపులో వచ్చిన సంఖ్యలు అసలు సంబంధాన్ని పెంచి చూపిస్తుండవచ్చని ఆ రచయితలే హెచ్చరించారు. ఆ వాక్యం ప్రసంగాల దాకా ప్రయాణం చేయలేదు.

పేపరు చివర ఉండే రెఫరెన్సులు మనల్ని వెనక్కి తీసుకెళ్తాయి. పరీక్షల్లో అందరూ రాసేది అదే, గైడ్లు అడిగేదీ అదే. నేను ఎక్కువసేపు ఆగేది ముందుకు తీసుకెళ్లే లింకు దగ్గర. గూగుల్ స్కాలర్‌లో పేపరు పేరు కింద చిన్న అక్షరాల్లో ‘సైటెడ్ బై’ అని ఉంటుంది. ఈ పేపరు వచ్చాక ఎవరెవరు దీన్ని పట్టుకుని ఏమన్నారో అక్కడ తెలుస్తుంది. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అచ్చువేసినప్పుడు ఈ పని కోసం లావుపాటి సంపుటాలు తిరగేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్క నొక్కు చాలు. అయినా నొక్కేవాళ్లు అరుదు.

నొక్కితే వేల పేపర్లు వస్తాయి, నిజమే. ఆ పేజీ పైభాగంలోనే, ఈ ఉదహరించిన వ్యాసాల్లో మాత్రమే వెతకమని చెప్పే చిన్న గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టి ‘రెప్లికేషన్’, అంటే ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడటం, అని కొట్టమంటాను. అక్కణ్నుంచి తీగ లాగితే డొంక కదులుతుంది. 2013లో కిడ్, ఆమె సహచరులు 28 మంది పిల్లలతో చేసిన ప్రయోగం ఒకటి. పెద్దవాళ్లు ముందుగా ఇచ్చిన మాట తప్పితే, ఆ పిల్లలు మిఠాయి ముందు సగటున మూడు నిమిషాలే ఆగారు. మాట నిలబెట్టుకున్న చోట పన్నెండు నిమిషాలు ఆగారు. అంటే ఆగకపోవడం లోపమే అయి ఉండక్కర్లేదు, అనుభవం నేర్పిన తెలివి కూడా కావచ్చు. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ తొమ్మిది వందల మంది పిల్లల వివరాలు తీసుకుని చూశారు. సంబంధం పాత లెక్కలో సగమే తేలింది. కుటుంబ నేపథ్యాన్ని, చిన్నప్పటి తెలివితేటల్ని లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండొంతులు ఆవిరైపోయింది.

ఈ పాటికి క్లాసులో ఎవరో ఒకరు ‘అయితే మార్ష్‌మాలో అంతా అబద్ధమా సార్?’ అంటారు. ఇంకొంచెం ముందుకెళ్లమంటాను. 2020లో డోబెల్, మరికొందరు వాట్స్ బృందం లెక్క వేసిన పద్ధతినే తప్పుపట్టారు, ఆగగలగడం ముఖ్యమేనన్నారు. 2024లో స్పెర్బర్ బృందం వాట్స్ వాళ్లు చూసిన పిల్లలనే 26 ఏళ్ల వయసులో చూసి, ఈ పరీక్ష పెద్దయ్యాక బతుకు ఎలా ఉంటుందో నమ్మకంగా చెప్పలేదని తేల్చింది. వాదన ఇంకా నడుస్తోంది. ఒక పేపరు చదివినవాడికి తీర్పు దొరుకుతుంది, ఐదు చదివినవాడికి సందేహం. నాకు రెండోవాడే కావాలి.

ఇక సొంత అంశం వెతుక్కునేటప్పుడు చిక్కు వేరే రకం. మన దగ్గర ఏటా ఎవరో ఒకరు ఇంటర్ పిల్లల పరీక్షల ఒత్తిడి మీద డిజర్టేషన్ పెట్టుకుంటారు. పెట్టుకోవాలి కూడా, రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్ ఫలితాల రోజు ఎలా ఉంటుందో అందరం చూస్తున్నాం.

‘సార్, ఎగ్జామ్ స్ట్రెస్ అని కొడితే ఏదేదో వస్తోంది.’

‘ఏదేదో అంటే ఏంటమ్మా?’

‘టిప్స్ సార్. నీళ్లు తాగండి, నిద్రపోండి.’

సైక్‌ఇన్ఫో అనే డేటాబేస్ తెరిపిస్తాను. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్లది. 1927లో ‘సైకలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్’ పేరుతో అచ్చులో మొదలైన పనికి ఇది వారసురాలు. దీనికొక పదకోశం ఉంది, మొదటిసారి 1974లో వచ్చింది. రచయిత ఏ మాట వాడినా, సూచిక తయారుచేసేవాళ్లు ఒక విషయానికి ఒకే పేరు ఖాయం చేస్తారు. మన అమ్మాయి వెతుకుతున్నదానికి అక్కడి పేరు ‘టెస్ట్ యాంగ్జైటీ’. ఆ పేరుతో వెళ్తే 1952 నాటి మాండ్లర్, సారసన్‌ల నుంచి నిన్నటి పేపరు దాకా వరస కడతాయి. పక్కనున్న ఫిల్టర్లలో కౌమార వయసు, పీర్ రివ్యూ అయినవి, మెటా ఎనాలిసిస్ అని ఎంచుకుంటే వేలు కాస్తా పదులవుతాయి. చదవగలిగినన్ని అవుతాయి.

పేరు దొరికింది, పేపరు తెరుచుకోవాలిగా! కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పెట్టింది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. 2025 జనవరి నుంచి నడుస్తోంది. మంచి పనే, ఒప్పుకుంటాను. కానీ మొదటి దశలో ఇది ప్రభుత్వ సంస్థలకే. మన జిల్లాల్లో డిగ్రీ చదివే పిల్లల్లో చాలామంది ప్రైవేటు కాలేజీల్లో ఉన్నారు. వాళ్ల సంగతేమిటి? పైగా దీంతో వచ్చేవి జర్నళ్లు, సైక్‌ఇన్ఫో లాంటి సూచికను లైబ్రరీ విడిగా కొనుక్కోవాలి. అది లేనిచోట పబ్‌మెడ్ ఉంది, 1997 నుంచి అందరికీ ఉచితం, మానసిక ఆరోగ్యానికి సంబంధించినవి బాగానే దొరుకుతాయి. వాట్స్ పేపరు అక్కడున్న లింకు నొక్కితే పూర్తి పాఠంతో ఉచితంగానే తెరుచుకుంటుంది. ఏదీ కుదరకపోతే రచయితకే మర్యాదగా ఒక మెయిల్ రాయమంటాను. చాలామంది పంపిస్తారు. తమ పేపరు ఎవరో అడిగారంటే రచయితకు అంతకన్నా ఏం కావాలి!

ఇంకొకటి, మన పిల్లలు చిన్నచూపు చూసేది. శోధ్‌గంగ. దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అందులో ఉన్నాయి, ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలవి కూడా. ‘లోకల్ థీసిసే కదా సార్’ అని పెదవి విరుస్తారు. సమీక్షా అధ్యాయం వదిలేసినా ఫర్వాలేదు, చివర్లో అనుబంధం తెరవమంటాను. ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగు చేసి, ఇక్కడి పిల్లల మీద వాడి చూసినవాళ్లు చాలాసార్లు ఆ ప్రశ్నావళిని అక్కడే జతపరుస్తారు. ముందు వాళ్ల అనుమతి అడగండి, దాని విశ్వసనీయత లెక్కలు ఏ అధ్యాయంలో ఇచ్చారో చూడండి. ఆ తర్వాత సొంతంగా అనువాదం చేయాలా వద్దా అన్నది ఆలోచించవచ్చు.