ఊరు కట్టినవాళ్ళ పేర్లు

సాల్ట్‌బర్న్ పేరు మన పాఠకుల్లో చాలామంది విని ఉండరు. ఇంగ్లండు ఈశాన్య తీరంలో, మిడిల్స్‌బరోకు తూర్పున, ఉత్తర సముద్రం ఒడ్డున ఎత్తైన గట్టు మీద ఉన్న చిన్న ఊరు అది. విక్టోరియా రాణి కాలంలో రైలు పుణ్యమా అని ఇంగ్లండు తీరమంతటా విహార పట్టణాలు వెలిశాయి. బ్రైటన్, బ్లాక్‌పూల్ లాంటి పెద్ద ఊళ్ళ మీద పుస్తకాలకు కొదవ లేదు. ఈ పుస్తకం రాసిన నా శిష్యురాలు వాటి జోలికి పోలేదు. ఉద్యోగరీత్యా తాను స్థిరపడిన ప్రాంతంలో, సెలవు రోజుల్లో కాలినడకన తిరిగి చూసిన ఊరినే ఎంచుకుంది. దాన్ని కట్టినవాళ్ళెవరో ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని తెలుగులో రాసింది. "మాస్టారూ, ముందుమాట మీరే రాయాలి" అంటూ రాతప్రతి పంపింది. చదివాక, మొహమాటంతో పని లేకుండానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ ఊరి కథ ఎవరు చెప్పినా హెన్రీ పీజ్‌తో మొదలుపెడతారు. అది న్యాయమే. స్టాక్‌టన్ - డార్లింగ్టన్ రైలుమార్గం వెనక నిలబడ్డ ఎడ్వర్డ్ పీజ్‌కు కొడుకాయన. యుద్ధాలను వ్యతిరేకించే క్వేకర్ క్రైస్తవ శాఖవాడు. క్రిమియా యుద్ధం ముంచుకొస్తున్న 1854లో, మరో ఇద్దరు క్వేకర్లతో కలిసి నడి చలికాలంలో రష్యా దాకా వెళ్ళి, యుద్ధం వద్దని జార్ చక్రవర్తికే ముఖాముఖి విన్నవించిన మనిషి. 1859లో మార్స్క్‌లో అన్న జోసెఫ్ ఇంట్లో ఉన్నప్పుడు ఆయన సముద్రం వెంబడి నడుచుకుంటూ పాత సాల్ట్‌బర్న్ పల్లె వరకు వెళ్ళాడట. గట్టు మీద ఒక పట్టణం, పక్కనున్న లోయలో ఉద్యానవనం కళ్ళకు కట్టాయట. భోజనాల వేళ దాటాక ఇల్లు చేరి ఆ సంగతి చెప్పాడని ఆ కుటుంబం చెప్పుకుంది. ఆ ఏడాదే సాల్ట్‌బర్న్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. జెట్‌లండ్ ప్రభువు దగ్గర భూమి కొన్నారు. 1861కల్లా రైలు వచ్చేసింది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కలగన్నవాడి పేరు చెప్పి, ఊరు దానంతటదే లేచినట్టు రాసేస్తారు. సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి బతికినవాణ్ణి కనుక నాకిది ఎప్పుడూ మింగుడుపడదు. ఆ గట్టు మీద గొలుసు లాగి కొలతలు తీసింది ఎవరు? గాలికి, ఉప్పుకు నిలిచే ఇటుక ఏదో తేల్చింది ఎవరు? అంత ఎత్తు నుంచి ఇసుకలోకి మనుషుల్ని దింపే ఉపాయం ఎవరిది? ఈ పుస్తకం అడిగిన ప్రశ్నలివి. జవాబులు కూడా చెప్పింది.

ఊరి పటానికి పోటీ పెడితే డార్లింగ్టన్‌కు చెందిన జార్జ్ డికిన్సన్ గెలిచాడు. గట్టు అంచున వరుసలు వరుసలుగా ఇళ్ళు పేర్చుకుంటూ పోతే ముందు వరుసకే సముద్రం దక్కుతుంది. వెనకవాళ్ళకు మిగిలేది ముందువాళ్ళ పెరటిగోడ. డికిన్సన్ వీధులను సముద్రం వైపు నిలువుగా తీశాడు. వీలైనన్ని ఇళ్ళకు నీళ్ళు కనిపించాలన్నది ఆయన లెక్క. ఆ వీధులకు రూబీ, ఎమరాల్డ్, పెర్ల్, డైమండ్, కోరల్ అంటూ రత్నాల పేర్లు పెట్టారు. ఈనాటికీ అవే పేర్లు. పీజ్ చూసిన దృశ్యానికి గుర్తుగా పెట్టినవని అంటారు. పేర్ల సంగతి ఎలా ఉన్నా, పటం గీసినవాడి న్యాయబుద్ధి నాకు ఎక్కువ నచ్చింది. డబ్బున్నవాళ్ళ కోసం తలపెట్టిన ఊరే అయినా, సముద్రాన్ని ఒక్క వరుసకు రాసివ్వలేదు.

స్టేషన్‌నూ జెట్‌లండ్ హోటల్‌నూ రూపొందించింది విలియం పీచీ. రైల్వే కొలువులో ఉన్న వాస్తుశిల్పి. తర్వాతి కాలంలో మిడిల్స్‌బరో స్టేషన్ కూడా ఆయనే కట్టాడు. జెట్‌లండ్ 1863లో తెరుచుకుంది. దానికైన ఖర్చు 30,000 పౌన్లు. రైలు పట్టాలను హోటల్ వెనక గోడ దాకా తీసుకెళ్ళి అక్కడొక ప్లాట్‌ఫారం కట్టారు. పెద్దింటివాళ్ళు రైలు దిగి, వానలో తడవకుండా నేరుగా హోటల్‌లో అడుగుపెట్టేవారు. విడిది ఇచ్చే హోటల్‌ను, తీసుకొచ్చే రైలును ఒకే కట్టడంగా ఆలోచించారు.

ఈ పుస్తకానికి ఆయువుపట్టు ఇటుకల అధ్యాయం. సాల్ట్‌బర్న్‌లో తొలినాటి ఇళ్ళు, హోటల్ ఎర్రగా ఉండవు, పాలిపోయిన మీగడ రంగులో ఉంటాయి. డరమ్ జిల్లా క్రూక్‌లో పీజ్ కుటుంబానికి సొంత బట్టీలున్నాయి. బొగ్గుపొరల దగ్గర దొరికే మట్టితో, కొలిముల లోపలి గోడలకు వాడే గట్టి ఇటుకను అక్కడ కాల్చేవారు. ఫ్యాక్టరీ కొలిమికి వెళ్ళవలసిన ఇటుక విహార పట్టణపు ముఖద్వారమైంది. ఇటుక నడుమ పీజ్ అన్న పేరు అచ్చుపోసి ఉంటుంది. ఒక గోడ మరమ్మతుకు విప్పినప్పుడు ఆ అక్షరాలను దగ్గరగా చూసి, రచయిత్రి ఇటుక కొలతలు తీసుకుంది, అంచుల్లో ఉప్పు తిన్న గరుకుదనం వేలితో తడిమి చూసి రాసింది. ఆ తర్వాత ఒక్క మాట అంటుంది: యజమాని పేరు ప్రతి ఇటుక మీదా ఉంది, అచ్చు తీసినవాడి పేరు ఏ ఒక్క ఇటుక మీదా లేదు. వ్యాఖ్యానం లేకుండా అక్కడితో పేరా ముగించింది. రాయడం వచ్చినవాళ్ళు చేసే పని అది.

లోయలోని తోటల గురించి కొద్దిగానే రాసింది, అదే సరి. అయితే అక్కడి ఆల్బర్ట్ స్మారకం మాత్రం మరిచిపోదగ్గది కాదు. బార్నార్డ్ కాజిల్‌లో పాత రైలు స్టేషన్ ముఖమండపాన్ని పీజ్ తెప్పించి, 1867లో తోటలో తిరిగి నిలబెట్టించాడు. టికెట్లు కొనుక్కునే జనం కింద నుంచి నడిచిన రాతి స్తంభాలు రాకుమారుడి స్మృతిమందిరంగా మారాయి.

ఇక సముద్రం పని. జాన్ అండర్సన్ అనే ఇంజనీరు ఇనుప కాళ్ళ మీద 1,500 అడుగుల నడక వంతెనను, పియర్ అంటారే దాన్ని, నీళ్ళలోకి కట్టాడు. 1869లో తెరిచారు. జనం దానికోసం గట్టు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. అది చూసి ఎక్కువమంది వెనకాడేవారు. దాంతో 1870లో అండర్సనే 120 అడుగుల ఎత్తున చెక్కలతో ఒక ఎత్తుడు గోపురం కట్టాడు. గట్టు మీది నుంచి సన్నటి వంతెన మీదుగా వెళ్ళి పెట్టెలో నిలబడితే నిట్టనిలువునా కిందికి దింపుతుంది. పదమూడేళ్ళు పనిచేసింది. 1883లో తనిఖీ చేస్తే ఆధారపు దూలాలు పుచ్చిపోయాయని తేలింది. వెంటనే మూసేశారు. ప్రాణం మీదికి రాకముందే మూసేయగలిగిన ఆ తనిఖీని మెచ్చుకోవాలి. మన వృత్తిలో ఇలాంటి పనికి శిలాఫలకాలు వేయరు.

దాని స్థానంలో వచ్చిందే ఈనాటికీ సాల్ట్‌బర్న్‌కు పేరు తెస్తున్న వాలు లిఫ్టు. పని బర్మింగ్‌హామ్‌లోని టాంగీ కంపెనీది. అప్పటికి పాతికేళ్ళ కిందట గ్రేట్ ఈస్టర్న్ అనే మహానౌకను నీళ్ళలోకి నెట్టడానికి జాకీలు సమకూర్చిన సంస్థ అది. సాల్ట్‌బర్న్ పని చూసిన యువకుడు జార్జ్ క్రోయిడన్ మార్క్స్. 1884 జూన్‌లో లిఫ్టు నడక మొదలుపెట్టేనాటికి ఆయనకు 26 ఏళ్ళు.

దాని పనితీరు విద్యార్థులు శ్రద్ధగా చదవాలి. వాలు మీద పక్కపక్కనే రెండు జతల పట్టాలు, పొడవు 207 అడుగులు. రెండు పెట్టెలు. పైనున్న పెద్ద చక్రం మీదుగా రెంటినీ కలుపుతూ ఉక్కుతాడు. ప్రతి పెట్టె అడుగున ఒక నీటి తొట్టి. పై పెట్టె తొట్టిలోకి నీళ్ళు వదులుతారు. అది కింది పెట్టె కంటే బరువెక్కగానే బ్రేకు సడలిస్తే, గిలక బావిలో ఒక చేద దిగుతుంటే రెండోది పైకొచ్చినట్టు, ఒకటి దిగుతుంది, రెండోది ఎక్కుతుంది. కింద తొట్టి ఖాళీ చేసి, ఆ నీటినే పంపుతో మళ్ళీ పైకి తోడతారు. పంపుకు కరెంటు 1924లో వచ్చింది. మిగతాదంతా నీళ్ళ బరువు, బ్రేకుమన్ చేతి నేర్పు. బ్రిటన్‌లో ఈ తరహా లిఫ్టుల్లో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో ఇదే పాతది. రచయిత్రి వేసిన బొమ్మ చూస్తే పదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. ఆ బొమ్మ కోసమైనా ఈ పుస్తకం ప్రతి పాలిటెక్నిక్ గ్రంథాలయంలో ఉండాలని నా కోరిక.

మార్క్స్ తర్వాత లింటన్‌లో, బ్రిడ్జ్‌నార్త్‌లో, బ్రిస్టల్‌లో ఇలాంటివే కట్టాడు, పార్లమెంటుకు వెళ్ళాడు, ప్రభువయ్యాడు. డికిన్సన్‌కు, అండర్సన్‌కు అంతటి పేరు రాలేదు. పుస్తకంలో మాత్రం వాళ్ళకూ ఆయనకూ సమానమైన పీట వేసింది.

కల కన్న కంపెనీ రెండు దశాబ్దాలకే చితికింది. ఆస్తులు మిడిల్స్‌బరో ఎస్టేట్ చేతికి పోయాయి. 1902లో పీజ్ కుటుంబపు బ్యాంకే కూలిపోయింది. సముద్రమూ ఊరుకోలేదు. 1875 తుపానులో పియర్ చివర విరిగింది. 1924లో ఒక ఓడ గుద్దుకుని నడిమధ్య పెద్ద గండి పడింది. 1974 తుపాన్లలో మరికొంత పోయాక, ఇక కూల్చేస్తామంది స్థానిక సంస్థ. లోయ మీద 1869లో కట్టిన ఇనుప వంతెనను, అర పెన్నీ సుంకంతో జనం దాటిన వంతెనను, ఆ ఏడాదే పేలుడు పదార్థాలతో కూల్చారు. పియర్‌ను మాత్రం ఊరివాళ్ళు వదల్లేదు. పోరాడి బహిరంగ విచారణ జరిపించారు. చెడిపోయిన కొస తీసేసి మిగతాది బాగుచేయాలని తీర్పు వచ్చింది. 1978లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు దాని పొడవు 681 అడుగులు. యార్క్‌షైర్ తీరంలో మిగిలిన పియర్ అదొక్కటే. విచారణలో నిలబడి మాట్లాడినవాళ్ళను, తుప్పు గీకి రంగులు వేసిన పనివాళ్ళను కూడా ఊరు కట్టినవాళ్ళలోనే లెక్కవేసింది ఈ పుస్తకం. ఆ నిర్ణయంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కట్టడం ఒకనాటి పని, నిలబెట్టడం తరతరాల పని.

లోపాలూ చెప్పాలి, లేకపోతే పెద్దవాడినని ముందుమాట రాయించుకోవడంలో అర్థం లేదు. మట్టి తవ్విన కూలీల మీద ఉన్న అధ్యాయం మరీ చిన్నది. వాళ్ళ బసలు, కూలి, రోగాలు, ప్రమాదాలు ఇంకా వెతకాలి. చివర పేర్ల సూచిక లేదు, ఊరి పటం ఒక్కటి కూడా లేదు. వీధుల గురించి ఇంత రాసి పటం ఇవ్వకపోతే పాఠకుడు తడబడతాడు. రెండో ముద్రణలో ఈ రెండూ తప్పకుండా చేర్చాలి.

భాష విషయంలో ఏ ఫిర్యాదూ లేదు. దూలం, వాలు, పునాది, తూము, గిలక అంటూ మేస్త్రీల నోట నలిగిన మాటలతోనే పుస్తకమంతా నడిపింది. చదువుతుంటే మా తరం ఓవర్సీర్లు పని దగ్గర నిలబడి మాట్లాడుకున్నట్టుంది.

మిడిల్స్‌బరోలో చదువుకుంటున్న మన పిల్లలు ఎందరో ఉన్నారు. అక్కడి నుంచి సాల్ట్‌బర్న్‌కు రైల్లో అరగంట. ఈ పుస్తకం చేతపట్టుకుని ఒక్కరోజు వెళ్ళండి. స్టేషన్ దిగి పీచీ కట్టినది చూసి, డికిన్సన్ గీసిన వీధిలో సముద్రం దాకా నడిచి, మార్క్స్ లిఫ్టులో దిగండి. ఇక్కడున్నవాళ్ళు కొని చదవండి, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు కానుకగా ఇవ్వండి. రచయిత్రికి నా మనఃపూర్వక ఆశీస్సులు. కూలీల చరిత్ర మీద ఆమె రాయబోయే రెండో సంపుటం కోసం ఎదురుచూస్తుంటాను.