మిగిలిన గీత

జరీనా హష్మీ 2001లో చేసిన ‘డివైడింగ్ లైన్’ అనే చెక్క అచ్చు బొమ్మలో ఉన్నదల్లా ఒక్క నల్లటి గీత. వంకరటింకరగా కాగితాన్ని చీల్చుకుంటూ పోతుంది. పేరు చూడకపోతే గోడలో బీట అనుకుంటాం. అది 1947 నాటి భారత్-పాకిస్తాన్ సరిహద్దు. అప్పటికామె అలీగఢ్‌లో పదేళ్ల పిల్ల. తర్వాత కన్నవాళ్లు సరిహద్దు దాటి వెళ్లిపోయారు. ఈ బొమ్మ చేసేనాటికి ఆమెకి అరవై దాటాయి.

కాస్త దగ్గరగా చూడండి. చీరల అద్దకం అచ్చులోలాగే, చుట్టూ ఉన్న చెక్కనంతా ఉలితో తొలిచేస్తే మిగిలిన గీత అది. తెల్లటి మేర అంతటా ఉలికి అందని సన్నటి చెక్క చారలు నల్లగా తేలాయి. నాకు గీతకన్నా ఆ చారలే ఎక్కువ మాట్లాడాయి. సరిహద్దు ఒక్క గీతే, నిజమే. దానికోసం ఊడ్చిపెట్టుకుపోయిన వాకిళ్లెన్నో! ఇంత పొదుపుగా చెప్పాలంటే ఆ వయసు రావాలి కాబోలు.