కాలము చెడినదా? — తెనుగు వాఙ్మయమున తరముల నింద

పెద్దవారు నలుగురు కూడినచోట నొక మాట తప్పక వినబడును: కాలము చెడినది, నేటి పిల్లలు మునుపటివారి వంటివారు కారు. బుచ్చిరెడ్డిపాలెమున కోదండరామస్వామి కోవెల మండపమున వినబడినను, విశ్వవిద్యాలయమున పరీక్షాపత్రములు దిద్దువేళ వినబడినను ఈ మాట యొక్కటియే. మొదటి చోట నది నడవడిని గూర్చిన నింద. రెండవ చోట చదువును గూర్చిన తీర్పు. నిందవలన నంతగా హాని లేదు. విన్న పిల్లలు నవ్వి వెళ్లిపోవుదురు. తీర్పువలన హాని కలదు. ఏలయన, విద్యార్థి యెట్టివాడో ముందుగనే నిశ్చయించుకొన్న గురువు, వానికేమి చెప్పనక్కరలేదో కూడ నప్పుడే నిశ్చయించుకొనును. కావున నీ మాటను లోకోక్తిగా విడిచిపెట్టక, సాక్ష్యము లడిగి పరీక్షింపవలసియున్నది.

వాఙ్మయమున నీ వాదమునకు ప్రధానమైన ఆకరము యుగధర్మ వర్ణనము. మహాభారతమున నారణ్యపర్వమందు మార్కండేయుడు ధర్మరాజునకు కలియుగ లక్షణములు చెప్పును. వర్ణాశ్రమములు తారుమారగుట, ఆయువు తగ్గుట, చిన్నలు పెద్దలను లెక్కచేయకుండుట మున్నగునవి యందు కలవు. తరతరమునకు మానవుడు దిగజారుచున్నాడనువారు నేటికిని తెలిసియో తెలియకయో యీ ఘట్టమునే తలచుచుందురు. అయితే తెనుగున నీ ఘట్టమును రచించినదెవరు? నన్నయభట్టు కాదు. ఆయన రచన యారణ్యపర్వము నాల్గవ యాశ్వాసమున శరద్వర్ణనము దగ్గర నిలిచిపోయినది. మార్కండేయుని కథాభాగమంతయు పదునాల్గవ శతాబ్దివాడైన యెఱ్ఱాప్రెగడ పూరించిన శేషములోనిది.

ఈ సంగతి కవుల కాలనిర్ణయమునకు మాత్రమే పనికివచ్చునది కాదు. నన్నయ పదునొకండవ శతాబ్దివాడు. తిక్కన నెల్లూరి మనుమసిద్ధి యాస్థానమున పదుమూడవ శతాబ్దిని వెలసినవాడు. ఎఱ్ఱన ప్రోలయ వేమారెడ్డి కాలపువాడు. ముగ్గురి నడుమ మూడువందల యేండ్లు గడచినవి. తరములు క్రమముగా క్షీణించునన్న సిద్ధాంతమే నిజమైనచో, నన్నయ విడిచిన పర్వమును మూడు శతాబ్దుల పిదప పుట్టినవాడు పూరింపబూనుట సాహసమే కావలెను. జరిగినది వేరు. ఎఱ్ఱన తన పూరణమును నన్నయ కృతిపతియైన రాజరాజనరేంద్రునకే యంకితము చేసి, అతుకు కనబడనీయక నడపెను. లోకము మువ్వురను కలిపి కవిత్రయమని పిలిచెను. వారిలో తరువాతివాడు తక్కువవాడని యెవరును విభజింపలేదు. కలికాలమున మనుష్యులు దిగజారుదురని తెనుగున చెప్పిన పద్యములే, వాటిని వ్రాసిన చేతి బలముచేత, ఆ మాటను ఖండించుచున్నవి. మూలమున నున్న యుగభావనను కవి యనువదించెను; తాను దానికి తలయొగ్గలేదు.

రెండవ ఆకరము కావ్యావతారికలు. ఇష్టదేవతాస్తుతి తరువాత పూర్వకవిస్తుతి, పిమ్మట కుకవినింద చేయుట మన కావ్యములందొక మర్యాద. దీనిని బట్టి, ఆ యా కాలములందు కుకవులు పెచ్చుపెరిగిరనియు, కవిత్వము క్షీణించెననియు కొందరూహింతురు. కాని యీ మర్యాద కట్టుబాటును చూడుడు. స్తుతికి పాత్రులు పేరులతో చెప్పబడిన గతకాలపు కవులు. నిందకు పాత్రులు పేరు లేని సమకాలికులు. గతము మేలు, వర్తమానము కీడు అను తీర్పు అవతారిక నిర్మాణములోనే ముందుగా నమర్చబడియున్నది. ఏ శతాబ్దిలో నెవరు వ్రాసినను తీర్పు మారదు. ఎన్నడును మారని తీర్పు ఏ కాలమునకును సాక్ష్యము కాజాలదు. పైగా నొక తరమున కుకవులని నిందింపబడిన వారినుండియే తరువాతి తరమునకు పూర్వకవులు లభించుచుండిరన్నది మరువరాదు.

ఆధునిక కాలమునకు వచ్చిన, ఈ వాదమును నిలువున పరీక్షించిన రచన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో ముద్రితమై, 1909లో పెంచి సంస్కరింపబడిన యీ నాటకమునుండి గిరీశమును మాత్రము విడదీసి, ఇంగ్లీషు చదువులు యువకుల నెట్లు చెఱచినవో చూడుడని చూపుట యొక పరిపాటి. గిరీశము వంచకుడనుటలో వివాదము లేదు. వాని శిష్యుడైన వెంకటేశము చదువేమియో మనకు తెలిసినదే. కాని అదే యింట నగ్నిహోత్రావధానులు కూడ నున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, వేదము వచ్చును. పెద్దకుమార్తె బుచ్చమ్మ బాలవితంతువై యింట నుండగనే, చిన్నదైన సుబ్బిని వృద్ధుడగు లుబ్ధావధానులకు వెలకు కట్టబెట్టబూనినవాడు ఆయన. కొనబూనినవాడును పెద్ద తరమువాడే. గిరీశము మోసమునకు త్రోవ యేర్పడినది వాని చదువువలన గాదు, పెద్దల యాచారము కల్పించిన దుఃస్థితివలన.

గురజాడ యిందు యువతరమును వెనుకవేసుకొని రాలేదు. పెద్ద తరముననే సౌజన్యారావు పంతులున్నాడు. లోకము తక్కువగా చూచు మధురవాణి వివేకమున నందరిని మించినది. మంచిచెడ్డలు వయస్సును బట్టి పంచబడలేదన్నదే నాటకమున కనబడు తూకము. ఈ తూకమును చూడక గిరీశము నొక్కనినే యుదాహరించు విమర్శ, నాటకమును చదివిన విమర్శ కాదు. తన నమ్మకమునకు నాటకమునుండి యొక పాత్రను ఎరవు తెచ్చుకొన్న విమర్శ.

ఇక గ్రంథములనుండి మనుష్యుల వైపునకు వత్తము. 1921 ఏప్రిల్ 7వ తేదీని నెల్లూరు మండలమున పెన్నయొడ్డునగల పల్లిపాడులో గాంధీజీ పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. సహాయనిరాకరణోద్యమమునకై యువకులు బడులు, కళాశాలలు విడిచిన దినములవి. నేడు మనము త్యాగధనులని తలచు ఆ తరము నాటి తలిదండ్రులలో పెక్కుమంది కెట్లు కనబడియుండును? చదువు చెడగొట్టుకొని, చెప్పినమాట వినక, చేతికి రావలసిన యుద్యోగమును కాలదన్నినవారుగా కనబడుటలో వింత లేదు. పెద్దల మాట వినుటయే సద్గుణమునకు కొలతయైనచో, స్వాతంత్ర్యోద్యమపు తరము మన చరిత్రలో మిక్కిలి చెడ్డ తరము కావలెను. అట్లు చెప్పుట కెవరును సాహసింపరు. మనము మెచ్చుకొను తరము, తన కాలమున పెద్దలను ధిక్కరించిన తరమే.

బుచ్చిరెడ్డిపాలెమున 1907లో జన్మించిన బెజవాడ గోపాలరెడ్డిగారు ఆ తరమువారు. శాంతినికేతనమున చదివి, బెంగాలీ నేర్చి, రవీంద్రుని రచనలను తెనుగు చేసిరి. సుమారు ముప్పదియేండ్ల ప్రాయమున, 1937లో, రాజాజీ మంత్రివర్గమున మంత్రియైరి. 1955లో నాంధ్రరాష్ట్రమునకు ముఖ్యమంత్రియైరి. యువకులకు బాధ్యత తెలియదనువారు ఈ వయస్సును గమనింపవలెను. అదే మండలమున పండ్రెండేండ్ల తరువాత, 1919లో, పుట్టిన తిక్కవరపు పట్టాభిరామరెడ్డిగారును శాంతినికేతనమున చదివినవారే. కాని 1939లో పఠాభియను పేర ఆయన ప్రకటించిన ఫిడేలురాగాల డజన్ ఛందస్సుపై బహిరంగమైన తిరుగుబాటు. పద్యమునకు ప్రాణమైన గణయతిప్రాసలను త్రోసిరాజని, పట్టణపు మాటలను, ఆంగ్లపదములను కవితలోనికి తెచ్చిన యా చిన్న పుస్తకము సంప్రదాయాభిమానులకు కవితాపతనముగా తోచెను. ఒకే మండలము, ఒకే విద్యాస్థానము. ఒకరు గురుదేవుని వాక్కును తెనుగునకు తెచ్చుటలో తమ సార్థక్యమును చూచుకొనిరి, వేరొకరు భావకవితా మార్గమునే వెక్కిరించిరి. వీరిలో తరువాతివారు పతనమైనవారని యెట్లు చెప్పుదము? పఠాభి పిదప 1970లో నిర్మించి దర్శకత్వము వహించిన కన్నడ చిత్రము సంస్కార జాతీయోత్తమ చిత్రముగా బహుమానము పొందెను. ఫిడేలురాగాల యందలి యా ధిక్కారము వట్టి పిల్లచేష్ట కాదని, పాతుకొన్న యాచారములను నిలదీయు దృష్టియని, ఆ చిత్రము చూచిన పిమ్మట మనకు బోధపడును.

ఈ నింద యేకముఖమైనది కాదని కూడ గుర్తింపవలెను. 1965లో దిగంబర కవులు పూర్వులనందరిని తూర్పారబట్టిరి. 1970లో విశాఖపట్టణమున శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భమున విద్యార్థులు రచయితలను మీరెటువైపని ప్రశ్నించుచు కరపత్రము ప్రకటించిరి. పెద్దలు చిన్నలను పతనమైనవారనినట్లే, చిన్నలు పెద్దలను ద్రోహులనిరి. రెండును ఒక్క దోషమే: వ్యక్తులను, వారి పనిని చూడక తరమునకంతటికి నొక ముద్ర వేయుట.

ఈ తలపు మన దేశమునకే పరిమితము కాదు. గతమును పొగడు వృద్ధుని రోమను కవి హొరేసు తన కావ్యశాస్త్రమున నొక స్వభావచిత్రముగా చూపెను. పిల్లలు పెద్దలను గౌరవింపరని సోక్రటీసు విలపించెనని ఉపన్యాసములందు తరచుగా చెప్పబడు వాక్యము సోక్రటీసుది కాదు. 1907లో కెన్నెత్ జాన్ ఫ్రీమన్ ప్రాచీన గ్రీకు విద్యను గూర్చి వ్రాసిన పరిశోధన గ్రంథమున, నాటి ఫిర్యాదులను తన మాటలలో సంగ్రహించినది. పరిశోధకులమైన మనము కూడ ఆకరము చూడక దాని నుదాహరించుచుండుట, పతనమనునది నిజముగా నెచ్చటనున్నదో చూపుచున్నది.

ఇటీవలి మనశ్శాస్త్ర పరిశోధన యొకటి అధ్యాపకులకు ప్రత్యేకముగా పనికివచ్చును. 2019లో ప్రొట్జ్‌కో, స్కూలరు అనువారు అమెరికాలో జరిపిన పరిశీలనమున, పెద్దరికమును మన్నించువారికి నేటి పిల్లలలో మన్నన తగ్గినట్లును, బుద్ధిమంతులకు బుద్ధి తగ్గినట్లును, బాగుగ చదివినవారికి చదువుపై నాసక్తి తగ్గినట్లును తోచుచున్నదని తేలినది. ఎవరికే గుణము కలదో, వారు ఆ గుణము నేటివారిలో కొఱవడినదందురు. నేటి తన్ను తన బాల్యమున కారోపించి, నాటి పిల్లలందరు తనవంటివారే యనుకొనుట దీనికి కారణమని వారి యూహ. 2023లో మాస్ట్రోయాని, గిల్బర్టు అనువారు అరువది దేశముల సమాచారమును పరిశీలించి, నీతి తగ్గుచున్నదని జనులు కనీసము డెబ్బదియేండ్లుగా నమ్ముచున్నారనియు, తమ సమకాలికుల నడవడిని గూర్చి జనులు చెప్పిన సమాధానములందు మాత్రము కాలక్రమమున నట్టి తగ్గుదల కనబడలేదనియు చూపిరి. తెలుగు గురువునకు దీని యన్వయము స్పష్టము. ఆముక్తమాల్యదను స్వయముగ నన్వయించుకొనగలిగిన విద్యార్థి తన తరగతిలో తానొక్కడే యైయుండవచ్చును. ముప్పదియేండ్ల పిమ్మట నాతని స్మృతిలో తరగతియంతయు నట్టిదే యగును.

అయినను, తగ్గినదేమియు లేదనుట సత్యమున కపచారము. పద్యధారణము తగ్గినది. గణవిభజన చేయగలవారు తగ్గిరి. నిఘంటువు లేక ప్రబంధము చదువువారు మునుపే కొద్దిమంది, ఇప్పుడింకను కొద్దిమంది. ఈ నష్టము నిజమైనది, దీనిని దాచి యువతరమును ముద్దుచేయుట హితము కాదు. కాని దీనినుండి తరము హీనమైనదని తేల్చుటకు ముందు పోల్చుచున్నదెవరిని ఎవరితోనో చూడవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1991లో నక్షరాస్యులు నూటికి 44.09, 2001లో 60.47, 2011లో 67.02. అంతకు పూర్వపు తరములలో కళాశాలమెట్లెక్కినవారు మిక్కిలి కొద్దిమంది; వారిలో పెక్కురకు పద్యము ఇంటనే వినబడుచుండెను. నేడు తరగతిలో కూర్చుండువారిలో పలువురు తమ వంశమున మొదటిసారి పుస్తకము పట్టినవారు. ఏరి తెచ్చిన కొందరిని, ఏరకుండ వచ్చిన యందరితో పోల్చి, సగటు తగ్గెననుట లెక్కలో దోషము. వారిలోని కొద్దిమందిని వీరిలోని కొద్దిమందితో, చదువబోని నాటి యసంఖ్యాకులను నేడు చదువుచున్న యసంఖ్యాకులతో పోల్చినచో తీర్పు వేరుగ నుండును.

చదువు నూతనముగ నందినవారి శక్తిని నెల్లూరు మండలమే లోకమునకు చూపినది. 1990లలో నక్షరాస్యతోద్యమపు వాచకమున సీతమ్మ కథయను పాఠమును చదివిన దూబగుంట స్త్రీలు 1992లో సారాదుకాణముపై తిరుగబడిరి. ఆ కదలిక రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధింపబడుటకు కారణమైనది. వాచకమునందలి పాఠమును జీవితమున కన్వయించుకొనుటయే చదువునకు పరమప్రయోజనమైనచో, ఛందస్సెరుగని యా స్త్రీలు మనలో పెక్కురకంటె మేలైన పాఠకులు.

కావున తరములు తరతరమునకు దిగజారుచున్నవను వాదమునకు మన వాఙ్మయమున సాక్ష్యము లేదు. దానికి సాక్ష్యముగ చూపబడునవి సంప్రదాయబద్ధములైన వర్ణనలు, అవతారికల మర్యాదలు, నాటకమునుండి త్రుంచి తెచ్చిన పాత్రలు. నిజముగా తగ్గినవి కొన్ని విద్యలు మాత్రమే. విద్య తనంత తాను తరమునుండి తరమునకు పాకదు; ఒకరు చెప్పవలెను, ఒకరు వినవలెను. గణవిభజన విద్యార్థులకు రాదని మనమన్నప్పుడు, అది మనము చెప్పలేదనుటకు మారుమాట. నన్నయ విడిచినచోట నెఱ్ఱన యందుకొనగలిగెననిన, ఆ మూడువందల యేండ్లును నడుమ నెవరో పద్యమును విడువక చెప్పుచునే యుండిరన్నమాట. వారి పేరులు మనకు తెలియవు. వారి పని మాత్రము మన చేతికి వచ్చియున్నది.