ఎలుగుబంటి చెవిలో ఏం చెప్పింది?

ఇద్దరు స్నేహితులు అడవిలో నడుస్తుంటారు. ఎలుగుబంటి వస్తుంది. ఒకడు చెట్టెక్కేస్తాడు. ఎక్కడం రానివాడు ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకుంటాడు. ఎలుగుబంటి వాసన చూసి వెళ్ళిపోతుంది. అది చెవిలో ఏం చెప్పిందని మొదటివాడు దిగొచ్చి అడిగితే, ఆపదలో వదిలేసి పోయేవాడితో స్నేహం వద్దని చెప్పిందంటాడు రెండోవాడు. ఈసపు కథల నుంచి మన వాచకాల్లోకి వచ్చి, ఇక్కడే పుట్టిందేమో అన్నంతగా కలిసిపోయిన కథ ఇది.

దీన్ని తీసుకెళ్ళి అమ్రాబాద్ అడవిలో పెట్టి చదివితే ఏమవుతుంది?

మొదట చెట్టు పనికిరాకుండా పోతుంది. నల్లమలలో ఉండే ఎలుగుబంటి తేనె కోసం చెట్లెక్కే జంతువు. స్నేహితుడు ఎక్కిన కొమ్మ దానికీ అందుతుంది. రెండోవాడి ఉపాయం మాత్రం సగం పనిచేస్తుంది, కథ చెప్పే కారణంతో కాదు. ఈ ఎలుగు మనిషిని తినడానికి రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పళ్ళు. ఎదురుగా కనిపించిన ముప్పుని వదిలించుకోవడానికే మీద పడుతుంది. అందుకే, అది మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనక పెనవేసి, కదలకుండా ఉండమంటారు దీని మీద పనిచేసేవాళ్ళు. దాని పొడవాటి గోళ్ళు ముందు వెతికేది మొహాన్ని, తలనే. నేను చూసిన బొమ్మల్లో మాత్రం ఆ రెండోవాడు హాయిగా వెల్లకిలా పడుకుని ఉంటాడు!

నీతికథని జంతుశాస్త్రంతో కొలవడం అన్యాయం కదా అనొచ్చు. నిజమే, ఆ కథ స్నేహం గురించి. నా పేచీ వేరే. మన కథల్లో ఎలుగుబంటి ఎప్పుడూ ఇలాగే ఇంకొకరి విషయం చెప్పడానికి వచ్చిపోతుంది. భయం అనే పెద్ద వేషం మాత్రం పులికే దక్కుతుంది. 'ఆర్ ఆర్ ఆర్' (2022)లో భీమ్ అడవి మనిషి అని మనకి తెలియడానికి పులితో తలపడాల్సి వచ్చింది. అక్కడ ఎలుగుబంటిని పెట్టి ఉంటే హాల్లో సగం మంది నవ్వేవాళ్ళేమో.

ఈ పాత్రల పంపకంలో వేట సాహిత్యానికి పెద్ద వాటా ఉంది. జిమ్ కార్బెట్ 'మ్యానీటర్స్ ఆఫ్ కుమావ్' 1944లో, కెన్నెత్ ఆండర్సన్ 'నైన్ మ్యానీటర్స్ అండ్ వన్ రోగ్' 1954లో వచ్చాయి. పేర్లలోనే ఉంది విషయం. మనిషిని చంపిన పులికే పుస్తకంలో చోటు. మనిషి అలికిడి విని పొదల్లోకి తప్పుకున్న పులి గురించి ఎవరు చదువుతారు? గాయాల వల్లో, ముసలితనం వల్లో వేటాడలేకపోయిన పులే మనిషి జోలికి వస్తుందని కార్బెట్ తన పుస్తకం మొదట్లోనే వివరంగా రాశాడు. కానీ తర్వాత వచ్చే కథలు ఎంత బాగుంటాయంటే, ఆ మాట మనకి గుర్తుండదు. ఆండర్సన్ ఎలుగుబంటి గురించీ రాశాడు. కనీసం పన్నెండు మందిని చంపిన మైసూరు ఎలుగు కథ ఆయనదే. అయినా ఆండర్సన్ అనగానే మనకి గుర్తొచ్చేవి పులులు, చిరుతలే.

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఒక బగ్ ఎంత నష్టం చేస్తుందన్నది ఒక లెక్క, ఎంత తరచుగా వస్తుందన్నది ఇంకో లెక్క. సాహిత్యం మొదటి లెక్కతోనే నడుస్తుంది. మధ్యప్రదేశ్‌లో 1989 నుంచి 1994 మధ్య ఎలుగుబంట్ల దాడుల్లో 48 మంది చనిపోయారు, 686 మంది గాయపడ్డారు. ఈ రెండో అంకెలో ఒక్కో మనిషికి ఎంత బతుకు మారిపోయి ఉంటుంది? కన్నో, ముక్కో పోగొట్టుకుని ఊళ్ళో మిగిలినవాళ్ళ కథకి క్లైమాక్స్ ఉండదు. అందుకేనేమో ఎవరూ రాయలేదు.

అలాగని పులినీ చిరుతనీ తక్కువ చేయలేం. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దరిని చంపింది. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేనుకి పనికెళ్ళిన ఒక యువతి చనిపోయింది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ళ పాపని ఎత్తుకుపోయాక, టీటీడీ భక్తుల చేతికి కర్రలిచ్చింది. సోషల్ మీడియా ఆ కర్రలని చూసి తెగ నవ్వింది. కానీ ప్రమాదం ఏ జంతువు దగ్గర ఏ రూపంలో ఉంటుందో ఈ ఘటనలు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. చిరుతకి చిన్నపిల్లలు, చీకటి పడే వేళ. పులికి చేలో వంగిన వీపు. సుందర్బన్స్‌లో 1986లో తల వెనక మనిషి మొహం మాస్కులు కట్టుకుని అడవిలోకి వెళ్ళింది ఇందుకే, పులి వెనకనుంచి వస్తుంది కాబట్టి. ఎలుగుబంటికైతే దూరమే ప్రమాదం. పుట్టలో మూతి పెట్టి చెదలు పీలుస్తున్నప్పుడు దానికి మన అడుగుల చప్పుడు వినపడదు. తలెత్తేసరికి పది అడుగుల్లో మనిషి! పులి ఉన్న అడవిలో తరతరాలుగా బతికింది కాబట్టే, పారిపోకుండా ఎదురుతిరగడం దానికి అలవాటైందని శాస్త్రవేత్తలు అంటారు. పులి భయం మన మీద తీర్చుకుంటుందన్నమాట.

కాబట్టి 'ఏది ఎక్కువ ప్రమాదం' అన్న ప్రశ్నకి ముందు 'ఎవరికి' అని అడగాలి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్రం విడిపోయాక నాగార్జునసాగర్ శ్రీశైలం రిజర్వ్ నుంచి వేరైన భాగం. హైదరాబాద్ నుంచి వెళ్ళి ఫరహాబాద్ సఫారీ జీపెక్కే మనకి అక్కడ పులి కనపడకపోవడమే పెద్ద ప్రమాదం. తేనెకీ, తునికి పళ్ళకీ, ఇప్పపువ్వుకీ నడిచివెళ్ళే చెంచులకి సంగతి వేరు. ఆ మూడూ ఎలుగుబంటికీ ఇష్టమే. ఇప్పపువ్వు రాలే పొద్దున ఆ చెట్టు కిందకి ఇద్దరూ వస్తారు.

హైమెండార్ఫ్ 1940లో ఈ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి రాసిన 'ది చెంచూస్' 1943లో అచ్చయింది. నిజాం సర్కారు కాలపు పుస్తకం, బయటివాడి చూపు, దాని ఇబ్బందులు దానికున్నాయి. అయినా వేట పుస్తకాల తర్వాత చదివితే ఒక తేడా కనిపిస్తుంది. ఇందులో కథానాయకుడు పులీ కాదు, తుపాకీ కాదు. గడ్డలు తవ్వే కర్ర, తేనెకి దిగే తాడు, వేట దొరకాలని గారెల మైసమ్మకి మొక్కుకునే మనుషులు. అడవి వాళ్ళకి సాహసం చేసే చోటు కాదు, తిండి దొరికే చోటు. ప్రమాదం ఆ తిండి పక్కనే ఉంటుంది.

ఇది ఒట్టి సాహిత్య చర్చ కాదు. కోర్ ఏరియా ఊళ్ళని బయటికి తరలించాలా అన్న మాట వచ్చినప్పుడల్లా 'అంత ప్రమాదమైన చోట ఎందుకుంటారు?' అని సిటీలో ఉన్నవాళ్ళు చాలా తేలిగ్గా అడుగుతారు. ఆ ప్రశ్న వెనక ఉన్న అడవి మనం పుస్తకాల్లో, తెర మీద చూసిన అడవి. పులి ఒక్కటే ఉండి, మనుషులు ఎర కోసమో వీరత్వం కోసమో మాత్రమే కనిపించే అడవి.

ఈసపు కథ దగ్గర నాకు ఇప్పుడు తట్టే ప్రశ్న, ఎలుగుబంటి చెవిలో ఏం చెప్పిందని కాదు. ఆ పొద్దున వాళ్ళిద్దరూ అడవిలోకి ఎందుకు వెళ్ళారు? కథ చెప్పదు. అమ్రాబాద్‌లో ఎవరైనా ఈ కథని మళ్ళీ రాస్తే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.