వెనుదిరిగిన యోధుడు: ఖడ్గతిక్కన కథ – ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఖడ్గతిక్కన కథను చాటుపద్యాలు, కాటమరాజు కథలు వేర్వేరుగా ఎలా చూశాయో వివరించగలుగుతారు.
• పిరికితనంతో వెనుదిరగడానికీ, అన్యాయమని తెలిసి యుద్ధం మానడానికీ గల భేదాన్ని గుర్తించగలుగుతారు.
• వీరత్వాన్ని పొగిడే రచనను విమర్శ దృష్టితో చదవగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్యంలో యుద్ధానికి వెళ్లిన వీరులకు కొదవలేదు. యుద్ధం నుంచి తిరిగి వచ్చేసిన మనిషిని గురించిన కథలు మాత్రం చాలా తక్కువ. వాటిలో ప్రసిద్ధమైనది ఖడ్గతిక్కన కథ. పాఠశాలలో ఈ కథను మీరు వీరమాత, వీరపత్నుల కథగా చదివి ఉండవచ్చు. ఈ పాఠంలో దానిని మరొక వైపు నుంచి చూద్దాం. తాను చేస్తున్న యుద్ధం న్యాయమైనది కాదని తోచిన సైనికుడికి మన సాహిత్యం ఏ దారి చూపింది? మన ప్రశ్న ఇదే.

2. కథాసంగ్రహం

13వ శతాబ్దిలో నెల్లూరును మనుమసిద్ధి పాలించాడు. కాటమరాజు కథల్లో ఇతడే నల్లసిద్ధి. మహాభారతంలో విరాటపర్వం మొదలు 15 పర్వాలు తెనిగించిన తిక్కన సోమయాజి ఇతని ఆస్థానంలోని వాడు. కవితిక్కన తండ్రి కొమ్మన. కొమ్మన తోడబుట్టిన సిద్దన కుమారుడే ఖడ్గతిక్కన. ఒకే ఇంట్లో ఒకరు గంటం పట్టారు, మరొకరు కత్తి పట్టారు.

యాదవ నాయకుడు కాటమరాజుకూ నెల్లూరు రాజుకూ యుద్ధం వచ్చింది. పాలేరు ఒడ్డున పంచలింగాల దగ్గర అది జరిగిందని ప్రతీతి. సేన దెబ్బతినగా ఖడ్గతిక్కన ఇంటికి తిరిగివచ్చాడు. భార్య చానమ్మ స్నానానికి నీళ్లు తోడి, మంచం చాటు పెట్టి, పసుపు ముద్ద ఉంచింది. తల్లి ప్రోలమ్మ అన్నంలోకి విరిగిన పాలు పోసింది. ఆ అవమానం భరించలేక అతడు మళ్లీ యుద్ధానికి వెళ్లి, అక్కడే ప్రాణం విడిచాడు.

3. యుద్ధానికి కారణం

చాటుపద్యాలు చెప్పని సంగతి ఒకటుంది. ఈ యుద్ధం దేనికోసం జరిగింది? దానికి జవాబు గొల్లల కథల్లో దొరుకుతుంది. కరువు వచ్చి కాటమరాజు ఆవుల మందలతో నెల్లూరు సీమకు వస్తాడు. రాజు బీళ్లలో మేపుకొన్నందుకు పుల్లరి చెల్లించాలి. ఆ కాలంలో పుట్టిన కోడెదూడలను ఇవ్వాలని ఒప్పందం. రాజు ఉంపుడుగత్తె చిలుక పశువుల కాపరుల బాణానికి చావడం, పగతో ఆవులను చంపించడం, ఒప్పందం చెడిందని కాటమరాజు పుల్లరి ఎగవేయడం – ఇలా తగాదా మెట్టుమెట్టుగా పెరిగిన తీరును కథకులు వివరంగా చెబుతారు.

చెన్నేకొత్తపల్లి, ధర్మవరం, పెనుకొండ ప్రాంతాల్లో ఉన్నవారికి ఇది కొత్త సంగతి కాదు. ఎండాకాలం గొర్రెల మందలను తోలుకొని దూరపు సీమలకు పోయే కాపరులను మీరు చూసే ఉంటారు. చేలో మంద నిలిపితే ఎరువు దక్కుతుంది కాబట్టి రైతే కాపరికి గింజలో డబ్బో ఇస్తాడు. అదే మంద పైరులో పడితే తగాదా మొదలవుతుంది. గడ్డికీ పేడకూ మధ్య నడిచే ఈ నోటిమాట ఒప్పందం ఎంత సున్నితమైనదో మీకు తెలుసు. ‘పుల్లరి’ అన్న మాట కూడా 13వ శతాబ్దితో పోలేదు. 1921-22లో పల్నాటి రైతులు అటవీ పుల్లరిని ఎదిరించారు. ఆ ఉద్యమంలోనే కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలయ్యాడు.

ఇప్పుడు ఖడ్గతిక్కన యుద్ధాన్ని మళ్లీ చూడండి. శత్రువు దేశం మీదికి దండెత్తి రాలేదు. కరువుకు తాళలేక మేత కోసం వచ్చాడు. కాటమరాజు కథలు ఒక పక్షం వారు పాడుకొన్నవన్నది నిజమే. వాటినే తుదితీర్పుగా తీసుకోనక్కరలేదు. కాని ఈ యుద్ధం న్యాయమా అన్న ప్రశ్నకు చోటిచ్చినవి అవే.

4. స్నానఘట్టం – విమర్శ

ఆ ప్రశ్నతో చానమ్మ ఇంటికి వద్దాం. పసుపు ముద్దకూ మంచం చాటుకూ అర్థం ఒక్కటే: వెనుదిరిగినవాడు మగవాడు కాడు. విరిగిన పాల వెనుక శ్లేష ఉంది. పాలు విరుగుతాయి, సేనా విరుగుతుంది. ఎత్తిపొడుపుగా ఈ రెండూ గొప్పవే. ఇంట్లో ఉండే మంచం, పసుపు, పాలు ఆయుధాలయ్యాయి. అందుకే ఈ ఘట్టం ఇన్ని వందల ఏళ్లు నిలిచింది.

అయితే ఆ ఇంట్లో ఎవరూ పుల్లరి మాట ఎత్తరు. ‘ఎందుకు వచ్చేశావు?’ అని తల్లి అడగదు, భార్యా అడగదు. అతడూ చెప్పడు. సేన దెబ్బతిన్నదని కథ అంటుంది తప్ప అతని మనసులో ఏముందో చెప్పదు. అతనికి యుద్ధం అన్యాయమనిపించిందని మనం ఊహించి రాయకూడదు, ఆధారం లేదు. మనం గమనించవలసింది మరొకటి. అతనికి అలా అనిపించి ఉన్నా, చెప్పుకొనే చోటు ఆ పద్యాల్లో లేదు. కారణం ఏదైనా వెనుదిరిగినవాడికి ఉన్న పేరు ఒక్కటే: పిరికివాడు.

ఇది తెలుగువారికే పరిమితం కాదు. డాలుతో తిరిగి రావాలి, లేదా డాలు మీద శవమై రావాలి అని కొడుకులను సాగనంపిన స్పార్టా తల్లుల కథలు గ్రీకుల్లో ఉన్నాయి. స్త్రీల నోట ఈ మాట పలికించడంలో ఒక ప్రయోజనం ఉంది. రాజు ఆజ్ఞను కాదనవచ్చునేమో, తల్లి చేతి అన్నాన్ని కాదనడం కష్టం. పైకి చానమ్మ, ప్రోలమ్మ మాట్లాడుతున్నారు. వారి నోట వినిపించేది రాజు అవసరం.

5. భీష్ముడు, యుయుత్సుడు

భారతంలోని భీష్మపర్వం ఇదే చిక్కును మరో విధంగా చూపుతుంది. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు కాలినడకన వెళ్లి భీష్మ, ద్రోణ, కృప, శల్యులకు నమస్కరిస్తాడు. న్యాయం పాండవుల వైపు ఉందని భీష్మ ద్రోణులకు తెలుసు. అయినా కౌరవుల సొమ్ముకు కట్టుబడ్డామని చెప్పుకొంటారు. మన పల్లెల్లో దీన్నే ‘ఉప్పు తిన్న ఋణం’ అంటారు.

తరువాత ధర్మరాజు రెండు సేనల నడుమ నిలిచి, తమ వైపు రాదలచినవారిని రమ్మంటాడు. ధృతరాష్ట్రుని కొడుకు యుయుత్సుడు ఒక్కడే అందరూ చూస్తుండగా పక్షం మారుతాడు. అతణ్ణి ఎవరూ పిరికివాడనలేదు. ధృతరాష్ట్రుని కొడుకుల్లో యుద్ధం తరువాత మిగిలినవాడూ అతడే.

కాని ఒక పరిమితిని గమనించండి. యుయుత్సుడు పక్షం మారాడే గాని ఆయుధం దించలేదు. ఆయుధం దించిన అర్జునునికి ఉపదేశం చేసి మళ్లీ విల్లు పట్టించారు. అంటే మన ఇతిహాసంలో మంచి పక్షానికి మారే దారి ఉంది. ఏ పక్షానా పోరాడనన్న సైనికుడికి దారి ఇరుకు.

6. పిరికితనమా, నిరాకరణా?

ఆధునిక చరిత్రలో ఆ దారిన నడిచినవారున్నారు. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధులైన జనం మీద కాల్పులు జరపడానికి గఢ్వాల్ రైఫిల్స్ సైనికులు నిరాకరించారు. వారికి ముందు నిలిచిన చంద్రసింగ్ గఢ్వాలీ సుమారు 11 ఏళ్లు జైల్లో ఉన్నాడు. తుపాకి పేల్చి ఉంటే అతనికి ఏ శిక్షా ఉండేది కాదు. పేల్చనందుకే పడింది. పిరికివాడు అపాయం నుంచి తప్పుకొంటాడు. నిరాకరించినవాడు అపాయాన్ని తన మీదికే తెచ్చుకొంటాడు. ఈ రెంటినీ వేరు చేయడానికి ఇది మంచి గీటురాయి.

ఈ విచారణ పాతకథల కోసమే కాదు. రాయలసీమలో ముఠా కక్షలు ఎన్ని ఇళ్లను ఖాళీ చేశాయో మీలో చాలామందికి పెద్దలు చెప్పే ఉంటారు. నాయకుని వెంట కత్తి పట్టి నడిచినవాడు ఒకనాడు ‘ఇక నేను రాను’ అంటే ఎదురయ్యే మాట ఏది? ‘గాజులు తొడుక్కో.’ చానమ్మ పెట్టిన పసుపు ముద్దకు అది నేటి రూపం. ఆ ఒక్క మాటకు రోషపడి తిరిగి వెళ్లినవాడి భార్యాబిడ్డల కథను ఏ చాటుపద్యమూ చెప్పదు.

7. సారాంశం

ఖడ్గతిక్కన ఘట్టం కవితాశక్తి గలది, దానిని తీసివేయవలసిన పని లేదు. యుద్ధకారణాన్ని పక్కన పెట్టడం వల్లనే అందులోని వీరరసం పండింది. చాటుపద్యాన్ని కాటమరాజు కథతో కలిపి చదివితే ఆ కారణం బయటపడుతుంది. భీష్మపర్వంతో పోల్చితే, తెలిసీ ఉండిపోయినవాడినీ, తెలిసి బయటికి వచ్చినవాడినీ మన సాహిత్యం చూపిందని తెలుస్తుంది. కాబట్టి వీరగాథ చదివేటప్పుడు ‘ఇతడు ధీరుడా?’ అని అడిగే ముందు ‘ఇతడు దేనికోసం పోరాడుతున్నాడు?’ అని అడగండి.

8. మాదిరి ప్రశ్నలు

1. ఖడ్గతిక్కన కథలో పుల్లరి తగాదాకు గల ప్రాధాన్యాన్ని వివరించండి.
2. స్నానఘట్టంలోని ఎత్తిపొడుపు ఎవరి ప్రయోజనాన్ని నెరవేర్చింది? చర్చించండి.
3. భీష్ముడు, యుయుత్సుడు, ఖడ్గతిక్కనలను పోల్చి మీ అభిప్రాయం రాయండి.
4. మీ ఊరిలో పుల్లరి, మంద నిలపడం వంటి ఒప్పందాలను గురించి పెద్దలను అడిగి ఒక పుటలో రాయండి.